ఐవీ తలుపు తీయని చలికాలం

ఐవీ బ్లూర్ గురించి ఎవరైనా తేలిగ్గా మాట్లాడితే నాకు ఒళ్ళు మండుతుంది. నేను మాట్లాడితే అది వేరు. ఇంగ్లండులో పింగాణీకి పేరుపడ్డ బర్స్లెమ్‌లో, ఊరి కౌన్సిల్ వాళ్ళు అద్దెకిచ్చే ఇళ్ళ వరసలో ఆమెదీ నాదీ ఒకే గోడకు అటూ ఇటూ. అవతల ఆమె దగ్గితే నాకు వినబడుతుంది, ఇవతల నేను మా ఆయన్ని సాధిస్తే ఆమెకు వినబడుతుంది. అలా ఒకరి గుట్టు ఒకరం వింటూనే ఇద్దరం ముసలివాళ్ళమయ్యాం. కాబట్టి చెప్పే హక్కు నాకుంది. ఐవీ మొండిఘటం. గొప్పలకు పోయే మనిషి. చేతిలో ఉన్న పనితనం మాత్రం ఎవరూ కాదనలేరు.

పింగాణీ కార్ఖానాలో ఆమె పళ్ళేల మీదా కప్పుల మీదా పూలు వేసేది. నేను అదే కార్ఖానాలో కప్పుల్ని మెరుగునీళ్ళలో ముంచేదాన్ని. అక్కడ ఈ రెండు పనులకూ చాలా దూరం. పూలు వేసే ఆడవాళ్ళు టోపీలు, చేతితొడుగులు వేసుకుని దొరసానుల్లా పనికి వచ్చేవాళ్ళు. మేము తలకు గుడ్డ చుట్టుకుని వచ్చేవాళ్ళం. కార్ఖానా మూతపడి ఎన్నాళ్ళో అయినా ఐవీ మాత్రం చెత్తడబ్బా వీధిలో పెట్టడానికి కూడా టోపీ పెట్టుకునే వచ్చేది. నన్ను చూసి తల కాస్త వంచేది, మెరుగుగది వాళ్ళకు అంతకన్నా ఎక్కువ వంచనక్కర్లేదన్నట్టు.

మొగుడు హొరేస్ పోయి చాలా కాలమైంది. పిల్లల్లేరు. చెల్లెలి కూతురు గ్లెనిస్ ఒక్కతే దిక్కు, అదీ ఆదివారాలు బస్సెక్కి వచ్చి చూసి పోతుంది. ఇక ఐవీకి మిగిలిందల్లా ఆ ఇల్లు. అద్దె ఇల్లే, గోడలు కౌన్సిల్ వాళ్ళవే. అయితేనేం, పెళ్ళయి కాలు పెట్టిన ఇల్లు, మొగుడు ఆఖరి ఊపిరి వదిలిన ఇల్లు. అది తనది కాదని చెప్పే ధైర్యం ఎవరికీ లేదు.

చలి ముదిరేలోగా ప్రతి ఏడూ కౌన్సిల్ తరఫున గ్యాస్ అతను వస్తాడు. ముందుగదిలో హీటర్, దాని వెనక నీళ్ళు కాచే బాయిలర్, పొగగొట్టం సరిగ్గా ఉన్నాయో లేదో చూసి పోతాడు. అంతే పని. కానీ మా వీధి ఆడవాళ్ళ లెక్కలో అది హీటర్‌కి తనిఖీ కాదు, మాకు తనిఖీ. ఫలానా రోజు వస్తున్నామని తలుపు సందులోంచి కార్డు పడిందా, ఇక చూడండి మా హడావుడి. కర్టెన్లు ఉతకాలి, గడప తోమాలి, పెళ్ళినాటి నుంచి కదలని అలమరాను జరిపి దాని వెనక తుడవాలి. వచ్చినవాడు మోకాళ్ళ మీద కూర్చుని హీటర్‌లోకి చూస్తాడే తప్ప అలమరా వెనక చూడడని మాకు తెలీక కాదు. అయినా ముందుగదిలోకి పరాయివాడు అడుగుపెడుతున్నాడంటే మాకు కాలూ చెయ్యీ ఆడవు.

ఈ విషయంలో ఐవీ మా అందరికన్నా ఓ ఆకు ఎక్కువే చదివింది. ఆ ఏడు కార్డు రాకముందే ముందుగదికి కొత్త గోడకాగితం అంటించడం మొదలుపెట్టింది. తెల్లటి కాగితం మీద గులాబీలు. నేను సాయం వస్తానంటే ఎగాదిగా చూసి, నీ చేతులు ముంచడానికి పనికొస్తాయి గానీ అతకడానికి కాదులే అంది. ఆ వయసులో బల్లెక్కి, దిగి, మళ్ళీ ఎక్కి, మూడు గోడలు ఒంటిచేత్తో పూర్తి చేసింది. ఒక కాగితం ఎక్కడ ముగిసి ఇంకోటి ఎక్కడ మొదలైందో కళ్ళద్దాలు పెట్టుకుని వెతికినా దొరకదు. బయటి గోడకు కిందుగా పసుపు తిరిగిన ప్లాస్టిక్ జల్లెడ ఒకటి ఉండేది. గులాబీల మధ్య అదేమిటి అసహ్యంగా అని మరలు విప్పి దాన్ని పారేసి, ఆ చోటు మీదుగా కాగితం లాగేసింది. చూసినవాళ్ళంతా ఆహా ఓహో అన్నారు.

మిగిలింది నాలుగో గోడ. కాగితం తొందరగా ఆరాలని పొద్దస్తమానం హీటర్ మండించుకుని కూర్చునేది. ఆ రోజుల్లోనే తలనొప్పి పట్టుకుంది. కాస్త తగ్గాక మొదలుపెడతానంది. తగ్గలేదు. పొద్దున లేస్తే కడుపులో తిప్పడం, బల్ల ఎక్కితే కళ్ళు తిరగడం. రెండు అడుగులు వేసి కుర్చీలో కూలబడి నిద్రపోయేది. నాలుగో గోడ పాత కాగితం పీకేసి, గచ్చు బయటపడి, బోడిగా అలాగే ఉండిపోయింది.

ఆ తర్వాత జబ్బు బుర్ర మీద పడింది. నన్ను పట్టుకుని, డాట్ అనడం మాని, చచ్చిపోయిన వాళ్ళక్క పేరుతో పిలిచింది. ఓ రోజు నాకిచ్చిన టీలో చక్కెర బదులు ఉప్పుంది. పొయ్యి మీద ఓట్స్ అట్టు వేసి మరిచిపోతే, గోడ ఇవతల మాడువాసన పట్టి నేను పరిగెత్తాను. చిత్రం ఏమిటంటే, బజారుకో చర్చికో నాతో బయటికొస్తే ఓ గంటకల్లా మళ్ళీ పాత ఐవీయే. నా కోటుకి గుండీ ఊడిందని వెక్కిరించేది, పాటల్లో ఎవరు శ్రుతి తప్పారో పేరు పెట్టి చెప్పేది. ఇంటికెళ్ళి తలుపేసుకుందంటే మళ్ళీ మొదలు. నలుగురిలో ఉంటే మనిషి తేరుకుంటోంది, ఒంటరితనమే దీన్ని తినేస్తోందని మేమంతా అనుకున్నాం.

గ్లెనిస్‌కూ అదే తోచింది. గ్లెనిస్ చెడ్డపిల్ల కాదు, ముందే చెబుతున్నాను. ఒక ఆదివారం వచ్చేసరికి పెద్దమ్మ మధ్యాహ్నం రాత్రిబట్టల్లో కూర్చుని, ఇవాళ పనికి ఎందుకు పిలవలేదని అడిగిందట. పిల్ల బెదిరిపోయింది. డాక్టరు దగ్గరికి వెళ్దామంటే ఐవీ ససేమిరా అంది. నాలుగు వారాలు బతిమాలి, చివరికి ముసలివాళ్ళ హోమ్‌లో ఒక గది మాట్లాడొచ్చింది. శనివారం వచ్చి తీసుకెళ్తానంది. ఇల్లు కౌన్సిల్‌కి తిరిగి అప్పజెబుతున్నట్టు సంతకం పెట్టాలి. ఒకసారి అప్పజెబితే ఇక ఆ ఇల్లు మరొకరిదే.

ఇంతలో గ్యాస్ అతని కార్డులు ఒకదాని వెనక ఒకటి వచ్చి పడ్డాయి. ఐవీ తలుపు తీయదు. ఒకసారి ఒంట్లో బాలేదంది, ఒకసారి ఇంట్లో ఉండి కూడా లేనట్టు కర్టెన్ వెనక నిలబడింది. చివరికి కౌన్సిల్ వాళ్ళకు ఓపిక నశించి, ఇక కోర్టు ఉత్తర్వు తెచ్చి తాళం పగలగొట్టయినా లోపలికి వస్తామని రాశారు. అది చదివి నేను ఒంటికాలి మీద లేచాను. వాడెవడో వచ్చి పది నిమిషాలు చూసి పోతాడు, దానికి కోర్టుదాకా తెచ్చుకుంటావా, నీకేం పోయేకాలం అని అడిగాను. అప్పుడు చెప్పింది అసలు సంగతి.

"ఒక్క గోడ మిగిలిందే డాట్. అది అయ్యేదాకా ఎవరూ రాకూడదు. ఆ బోడిగోడ చూస్తే వాడికేం అర్థమవుతుంది? ముసల్దానికి ఇక చేతకావట్లేదని. వెళ్ళి ఆఫీసులో చెబుతాడు. నన్ను ఆ హోమ్‌లో పారేయడానికి గ్లెనిస్ ఒక్కత్తే చాలదూ, వీడు కూడా సాక్ష్యమా?"

ఆ గోడ పూర్తయితే తను పూర్తిగా ఉన్నట్టు, లేకపోతే లేనట్టు. మనసులో అలా ముడివేసుకుంది. నేను అంటిస్తానన్నా ఒప్పుకోదు. ఏం చెయ్యను?

గ్లెనిస్ వస్తానన్న శనివారానికి ముందు, గురువారం పొద్దున్నే గ్యాస్ అతను ఆఖరిసారి ప్రయత్నిద్దామని వచ్చాడు. పేరు డెరిక్ సాల్ట్, యాభై దాటిన భారీ మనిషి, జలుబుతో ముక్కు ఎర్రబడి ఉంది. బయట నీళ్ళు గడ్డకట్టే చలి. నేనప్పటికే ఐవీ వంటింట్లో ఉన్నాను. ఆమె గొలుసు తీయకుండా తలుపు జానెడు తెరిచి, ఇవాళ కుదరదు నాయనా, ఇంకో వారం రా అంది. అతను కోపం తెచ్చుకోలేదు. ఇంకో వారం నేను రానమ్మా, వేరేవాళ్ళు వస్తారు, తాళాలవాణ్ణి వెంటబెట్టుకొస్తారు, అది మీకొద్దు నాకొద్దు అన్నాడు. అంటూనే నాలుగు తుమ్ములు తుమ్మాడు.

ఎంత పగవాడైనా అంత చలిలో గడపలో నిలబడి తుమ్ముతుంటే టీ ఇవ్వకుండా ఉండడం మా దగ్గర లేదు. ఐవీ వల్ల అస్సలు కాదు. వెళ్ళి టీ పెట్టింది. కానీ గొలుసున్న తలుపు సందులోంచి కప్పూ సాసరూ పట్టవు కదా. గొలుసు తీయాలి, తీయదు. చివరికి వంటింటి కిటికీ తెరిచి, రాజుగారికి కానుక ఇచ్చినట్టు, రెండు చేతులతో బయటికి అందించింది. అతను చెత్తడబ్బాల పక్కన నిలబడి తాగాడు. నవ్వాలో ఏడవాలో తెలీక నేను సింకు వైపు తిరిగి నిలబడ్డాను.

మా ఊరివాళ్ళకు ఒక జబ్బుంది. పెళ్ళింట్లో అయినా చావింట్లో అయినా కప్పు చేతికొచ్చిందంటే, తాగి, దాన్ని బోర్లించి అడుగున ముద్ర చూడందే కింద పెట్టరు. ఎవరి కార్ఖానా, ఎప్పటిది, ఎవరి చేయి అని. డెరిక్ కూడా కప్పు బోర్లించాడు. చాలాసేపు చూశాడు.

"అమ్మా, ఈ నీలం ఆకు గుర్తు ఎవరిది?"

"నాది. నా పూల కింద నేనే వేసుకునేదాన్ని. నీకెందుకు?"

"మా అమ్మ మీ కార్ఖానాలోనే అంచులకి బంగారం పూసేది. ఈ ఆకున్న పళ్ళెం వస్తే పండగే అనేది. పూల చుట్టూ గీత వంకర పోదు కాబట్టి అంచు తొందరగా తెమిలేదట. బెరిల్ అని, మీకు గుర్తుండకపోవచ్చు."

గుర్తుండకపోవచ్చు అన్న మాట ఐవీకి ఎక్కడ తగలాలో అక్కడ తగిలింది. కాసేపు కళ్ళు మూసుకుంది. ఈమధ్య నా పేరే గుర్తుండని మనిషి.

"బెరిల్... చుబుకం మీద పుట్టుమచ్చ. అందరికన్నా ముందే భోజనం డబ్బా తెరిచేది," అంది నెమ్మదిగా. తర్వాత వెళ్ళి గొలుసు తీసింది. "మీ అమ్మైతే బూట్లు తుడుచుకుని వచ్చేది. నువ్వూ తుడుచుకో."

అతను ముందుగదిలోకి వచ్చి ఆ బోడిగోడ వంక చూడనేలేదు. ఐవీ దానికి అడ్డంగా చేతులు కట్టుకుని నిలబడింది పాపం, పోలీసులా. అతని చూపంతా హీటర్ మీదే. మంట నీలంగా చురుగ్గా ఉండాల్సింది, పసుప్పచ్చగా బద్ధకంగా ఊగుతోంది. పైన కొత్త కాగితం మీద గులాబీలు నల్లబారాయి. కిటికీ అద్దాల మీంచి నీళ్ళు ధారగా కారుతున్నాయి. అతను మోకాళ్ళ మీద కూర్చున్నవాడు తల తిప్పి ఐవీని అడిగాడు, తలనొప్పి ఎన్నాళ్ళ నుంచి అని.

తలనొప్పని నీకెవరు చెప్పారంటూ ఐవీ నన్ను కొరకొరా చూసింది.

"ఈ మంట చెప్పింది," అన్నాడతను.

సంచిలోంచి పొగపుల్ల ఒకటి తీసి వెలిగించి హీటర్ పైఅంచు దగ్గర పట్టుకున్నాడు. ఆ పొగ లోపలికి, పొగగొట్టంలోకి పోవాలి. పోలేదు. తెల్లగా బయటికి దొర్లుకుంటూ వచ్చి మా ముఖాల మీద పడింది. అంతే, అతనిలో ఆ నెమ్మది మనిషి మాయమయ్యాడు. హీటర్ ఆపాడు, కిటికీలన్నీ బార్లా తెరిచాడు, మమ్మల్నిద్దర్నీ భుజాలు పట్టుకుని వీధిలోకి నడిపించాడు. తను ఇంటి చుట్టూ తిరిగి బయటి గోడలో చిల్లుల ఇటుక ఎక్కడుందో చూసుకున్నాడు. గాలి మారిందనుకున్నాక మళ్ళీ లోపలికి రానిచ్చి, ఆ గోడ వెంట అరచేత్తో తడుముతూ వచ్చాడు. ఒకచోట వేలితో కొడితే కాగితం డప్పులా మోగింది. ఇక్కడో జల్లెడ ఉండాలే అన్నాడు. అసహ్యంగా ఉంటే తీసేశానంది ఐవీ.

"మంటకి కూడా ఊపిరి కావాలమ్మా. బయటి గాలి అందకపోతే సగం మండి విషం కక్కుతుంది. రంగుండదు, వాసనుండదు. పైన గొట్టంలో కాకులు గూడు కట్టినట్టున్నాయి, అందుకని అది పైకీ పోలేదు. ఇన్నాళ్ళూ మీరే పీల్చారు. ముందు తలనొప్పి, తర్వాత వికారం, మరుపు. చివరికి నిద్ర. ఆ నిద్రలోంచి లేవరు."

ఆ రోజుల్లో ఆ విషం తగిలితే కూసే డబ్బాలు ఇళ్ళలో ఇంకా లేవు. నేను గబుక్కున హీటర్ దగ్గర్నుంచి పక్కకి జరిగాను. ఐవీకి మాత్రం అన్ని మాటల్లోనూ ఒక్కటే వినబడింది.

"మరుపా? నాకు మరుపు దీనివల్లా?"

నేను డాక్టర్ని కాదు, ఆస్పత్రిలో రక్తం చూసి చెబుతారు, కానీ నన్నడిగితే ముందు దీన్నే అనుమానిస్తానన్నాడు డెరిక్. జేబులోంచి కత్తి తీశాడు. ఐవీ చేయి చాపి అది లాక్కుంది. అతికింది తనే, కోసేదీ తనే అట. మోకాళ్ళ మీద కూర్చుని, కాగితం మీద నాలుగు గీతలు గీసింది. గీతలు వంకర పోయాయి. ముక్క ఊడి రాగానే చిల్లుల ఇటుకలోంచి చలిగాలి రివ్వున ఆమె ముఖాన కొట్టింది. అక్కడే కూర్చుండిపోయి ఏడ్చింది. హొరేస్‌ని సాగనంపిన రోజున కూడా టోపీ అంచు సర్దుకుంటూ నిలబడ్డ మనిషి, ఒక పరాయివాడి ముందు, నా ముందు, వెక్కి వెక్కి ఏడ్చింది.

"నేను పోతున్నాననుకున్నానే డాట్. రోజుకింత, రోజుకింత. పొద్దున లేవగానే నా పేరు నాకే చెప్పుకునేదాన్ని, ఇంకా ఉందో లేదో అని."

పక్కింట్లోనే ఉన్నాను. దగ్గు వినబడేది నాకు, ఇది వినబడలేదు. ఆమె పక్కన ఆ చలిలో నేలమీద కూర్చుని భుజం చుట్టూ చెయ్యి వేశాను. మెరుగుగది చెయ్యి అయినా విదిలించుకోలేదు.

ఆస్పత్రిలో రక్తం చూసి అదేనన్నారు. ముక్కుకు గొట్టం పెట్టి ప్రాణవాయువు ఇచ్చి, ఆ రాత్రికి ఉంచుకుని పంపారు. శనివారం గ్లెనిస్ సూట్‌కేసు పట్టుకుని మా ఇంటికే రావలసి వచ్చింది, పెద్దమ్మ మా సోఫా మీద ఉంది కాబట్టి. సంగతంతా విని ఆ పిల్ల వలవలా ఏడ్చింది. నేను నిన్ను పంపించేసేదాన్ని పెద్దమ్మా, నీకు మతి ఉండగానే పంపించేసేదాన్ని అని ఒకటే మాట. ఐవీకి ఇంకా తల బరువుగానే ఉంది, ముఖం పాలిపోయే ఉంది. అయినా నోరు మాత్రం తిరిగొచ్చేసింది.

"ఊరుకోవే. ఆ సంతకం కాగితాలు భద్రంగా దాచు. నాకు నిజంగా మతి పోయిన రోజున నేనే అడిగి తీసుకుంటాను."

మతి పోయాక ఎలా అడుగుతావు అన్నాను నేను. ఆ సందేహం మెరుగుగది వాళ్ళకే వస్తుందిలే అంది. అప్పుడు నమ్మకం కుదిరింది నాకు, మనిషి దక్కిందని.

పూర్తిగా తేరుకోవడానికి వసంతం దాకా పట్టింది. కౌన్సిల్ వాళ్ళు పొగగొట్టంలోంచి బస్తాడు పుల్లలు లాగి, కొత్త హీటర్ బిగించారు. నాలుగో గోడకు గ్లెనిస్ కాగితం అంటించింది, ఐవీ కుర్చీలో కూర్చుని అజమాయిషీ చేసింది. అతుకు దగ్గర ఒక గులాబీ రెండు ముక్కలై చూసేవాళ్ళకు మెల్లకన్నులా కనిపిస్తుంది. వచ్చినవాళ్ళందరికీ అది తన పని కాదని ఐవీ ముందే చెప్పేస్తుంది, కానీ పీకి సరిచేయనివ్వదు.

మరుసటి ఏడు కార్డులు పడ్డప్పుడు మా వీధి మళ్ళీ ఉతకడాలూ తోమడాలూ మొదలుపెట్టింది. ఐవీ మొదలుపెట్టలేదు. డెరిక్ కన్నా ముందే వీధిలోకి దిగి తలుపులు తట్టడం మొదలుపెట్టింది. ఎవరు కర్టెన్ వెనక నక్కుతారో ఆమెకు బాగా తెలుసు, ఆ విద్యలో ఆరితేరింది కదా. వీధి చివర విల్ఫ్ కాప్‌స్టిక్ ఇంట్లో మాత్రం ఎంత తట్టినా పలకలేదు. వేసవిలో భార్య పోయింది ఆయనకు. అప్పట్నుంచి ఎవర్నీ గడప తొక్కనివ్వలేదు. చివరికి లోపల్నుంచి గొంతు వినిపించింది, వెళ్ళిపొండి, ఇల్లు మనుషులు చూసేలా లేదు అని.

తలుపు తీయలేదని రాసి పడేయడానికి డెరిక్ కార్డు తీశాడు. ఐవీ అతని చేతిమీద చెయ్యి వేసి ఆపింది. నడుం వంచి, ఉత్తరాలు పడే సందు మూత ఎత్తి, నోరు దగ్గర పెట్టి మాట్లాడింది. ఆమె గొంతు అంత మెత్తగా ఉండగా నేనెప్పుడూ వినలేదు.

"ఇతను ఇల్లు చూడ్డానికి రాలేదు విల్ఫ్. నువ్వు రేప్పొద్దున కూడా లేవాలని వచ్చాడు."

లోపల కుర్చీ జరిగిన చప్పుడయింది. తర్వాత ఆయన వచ్చి తలుపు తీశాడు.